బీఎస్సీ మ్యాథ్స్ చదివి అంధ విద్యార్థులకు టీచర్ కావచ్చా?

ప్రశ్న: బీఎస్సీ ఫైనలియర్ చదువుతున్నాను, మ్యాథ్స్ నా ఇష్టమైన సబ్జెక్టు. ఇంటర్లో ఉండగా చూపు లేని ఒక డిగ్రీ అన్నకు పరీక్షల్లో స్క్రైబ్‌గా, అంటే ఆయన చెబితే జవాబులు రాసిపెట్టడానికి, వెళ్ళాను. అప్పటినుంచి అంధుల స్కూల్లో టీచర్ కావాలని ఉంది. ఇంట్లో మాత్రం "ముందు మామూలు బీఈడీ చెయ్యి, తర్వాత చూద్దాం" అంటున్నారు. నేనేం చదవాలి? ఉద్యోగాలు ఉంటాయా?
– ఒక విద్యార్థిని, జనగామ

జవాబు: ఇంట్లోవాళ్ళ మాట వింటే మీకు రెండేళ్ళు అదనంగా పోతాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లలకు పాఠాలు చెప్పాలంటే ఈ కోర్సులనూ టీచర్లనూ గుర్తించే కేంద్ర సంస్థ రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్టర్‌లో మీ పేరుండాలి. 1992 నాటి చట్టం పెట్టిన నియమం ఇది. మామూలు బీఈడీతో ఆ రిజిస్ట్రేషన్ రాదు. మీరు చేయాల్సింది బీఈడీ స్పెషల్ ఎడ్యుకేషన్. రెగ్యులర్‌గా అయితే రెండేళ్ళ కోర్సు. చేరేటప్పుడే దృష్టి లోపం విభాగం, అంటే విజువల్ ఇంపెయిర్‌మెంట్, అడిగి మరీ తీసుకోండి. సీటొచ్చింది కదా అని వినికిడి లోపం విభాగంలో చేరి, అక్కడ బ్రెయిలీ బదులు సంజ్ఞా భాష చెబుతున్నారని తర్వాత నాకు ఫోన్ చేసినవాళ్ళున్నారు.

డెహ్రాడూన్‌లోని జాతీయ దృష్టి దివ్యాంగుల సంస్థలో ఈ కోర్సు ఉంది. హైదరాబాద్‌లోని అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం దూరవిద్యలోనూ స్పెషల్ బీఈడీ నడుపుతోంది. ఎక్కడ చేరినా, ఆ ఏడాదికి ఆ విభాగానికి కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో కౌన్సిల్ వెబ్‌సైట్లో చూసుకున్నాకే ఫీజు కట్టండి.

ఆ అన్న ఏం చదివేవాడో మీరు రాయలేదు. బీఏ అయ్యుంటుందని నా ఊహ. నా దగ్గరికొచ్చే చూపు లేని పిల్లల్లో పదిలో లెక్కలు బాగా చేసినవాళ్ళు కూడా ఇంటర్‌కొచ్చేసరికి ఆర్ట్స్‌లో తేలుతున్నారు. పిల్లలకు రాక కాదు, వాళ్ళకు లెక్కలు చెప్పడం వచ్చినవాళ్ళు దొరక్క. మచిలీపట్నం దగ్గర పల్లెలో చూపు లేకుండా పుట్టిన బొల్లా శ్రీకాంత్ ఇంటర్లో సైన్స్ తీసుకోవడానికి కోర్టుదాకా వెళ్ళాల్సొచ్చింది. తర్వాత ఆయనే అమెరికా వెళ్ళి ఎంఐటీలో చదివారు. అందుకే మీ డిగ్రీ మ్యాథ్స్ అని చదవగానే నాకు సంతోషమేసింది.

అయితే మీకు లెక్కలు రావడం వేరు, బోర్డు లేకుండా చెప్పడం వేరు. ఒకసారి ఒక స్కూల్లో తొమ్మిదో తరగతి వెనక బెంచీలో కూర్చున్నాను. సారు "ఎక్స్ ప్లస్ టూ స్క్వేర్" అన్నారు. ముందు వరసలో అమ్మాయి బ్రెయిలీ చుక్కలు పొడిచే స్టైలస్ ఆపేసి, "సార్, మొత్తానికి స్క్వేరా, టూ ఒక్కదానికేనా?" అంది. చూపున్న పిల్లలకు ఆ సందేహమే రాదు, బోర్డు మీద బ్రాకెట్ కనిపిస్తుంది. "ఇది ఇటు తీసుకొస్తే" అని చేయి ఊపే అలవాటు మీకూ ఉండే ఉంటుంది. ఈరోజే ఒక లెక్క తీసుకుని, కాగితం చూపించకుండా ఫోన్లో స్నేహితురాలికి చెప్పి చేయించండి. ఎన్నిసార్లు "ఇది", "అది" అన్నారో లెక్కపెట్టుకోండి.

బ్రెయిలీ గురించి భయం వద్దు. వేలితో తాకి చదివే ఆరు చుక్కల లిపే. బ్రెయిలీ స్లేటులో కాగితం పెట్టి స్టైలస్‌తో కుడి నుంచి ఎడమకు పొడవాలి, కాగితం తిప్పి ఎడమ నుంచి కుడికి చదవాలి. మొదట్లో అక్షరాలు తిరగబడి చిరాకేస్తుంది, చేయగా చేయగా చేతికొస్తుంది. మీ దగ్గరికొచ్చే పిల్లలందరూ పూర్తిగా చూపు లేనివాళ్ళే అనుకోకండి. కొంత చూపున్నవాళ్ళు చాలామంది ఉంటారు. వాళ్ళకు బ్రెయిలీ కంటే ముందు పెద్ద అక్షరాలు, లెన్సు, సరైన వెలుతురు అవసరం కావచ్చు.

ఇక ఉద్యోగాలు. ఇన్నాళ్ళూ ఎక్కువమంది మండలాల్లోని భవిత కేంద్రాల్లో, అంటే ప్రత్యేక అవసరాలున్న పిల్లల కేంద్రాల్లో, ఐఈఆర్‌పీలు అనే రిసోర్స్ టీచర్లుగా కాంట్రాక్టు మీదే పనిచేశారు. 2021లో సుప్రీంకోర్టు ప్రత్యేక అవసరాలున్న పిల్లలు ప్రాథమిక స్థాయిలో పదిమందికి, ఆపైన 15 మందికి ఒక స్పెషల్ టీచర్ ఉండాలని చెప్పాక కదలిక వచ్చింది. తెలంగాణలో 2024 డీఎస్సీకి ఇచ్చిన 11,062 పోస్టుల్లో స్పెషల్ ఎడ్యుకేషన్‌వి 220 స్కూల్ అసిస్టెంట్, 796 ఎస్జీటీ పోస్టులు. 2025లో ఆంధ్రప్రదేశ్ 2,260 స్పెషల్ టీచర్ పోస్టులు మంజూరు చేసింది. ఇవి అన్ని రకాల వైకల్యాలకూ కలిపి, దృష్టి లోపానికి మాత్రమే కాదు. పైగా మామూలు బడిలో పోస్టు వచ్చిందంటే మానసిక ఎదుగుదల లోపమున్న పిల్లలూ మీ దగ్గరికే వస్తారు. మీరు కలగన్న అంధుల స్కూలు కాకపోవచ్చు, అది తెలిసి దిగండి.

దరఖాస్తు చేసేలోపు పది రోజులు ఒక స్కూల్లో గడపండి. హైదరాబాద్‌లో మలక్‌పేట ప్రభుత్వ అంధుల పాఠశాల ఉంది, బేగంపేటలో దేవనార్ ఉంది. హెడ్‌మాస్టర్‌గారికి ఉత్తరం రాసి, అనుమతి తీసుకుని వెళ్ళండి. సేవ చేయడానికి వచ్చానని మాత్రం చెప్పకండి, ఆ మాట వాళ్ళు విని విని విసిగిపోయారు. లెక్కలు చెబుతానని చెప్పండి. వేసవి సెలవుల్లో వెళ్తే హాస్టళ్ళు ఖాళీగా ఉంటాయి. పరీక్షలకు ముందు నెలలో వెళ్ళండి, అప్పుడైతే పాఠం చదివిపెట్టడానికి మనిషి దొరికితే చాలనుకుంటారు.