రాజీనామా చేస్తే గ్రాట్యుటీ రాదా?

ప్రశ్న: మాదాపూర్‌లో ఒక కంపెనీలో 6 ఏళ్ల 8 నెలలు చేసి మానేశాను. బేసిక్, డీఏ కలిపి 26,000. "మీరే రాజీనామా చేశారు, పైగా నోటీసు పూర్తిగా చేయలేదు, గ్రాట్యుటీ రాదు" అంటున్నారు. నిజమేనా?

నిజం కాదండీ. గ్రాట్యుటీ అంటే ఏళ్ల తరబడి చేసిన సర్వీసుకు కంపెనీ ఒకేసారి ఇచ్చే మొత్తం. పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట ఐదేళ్ల సర్వీసు నిండితే చాలు, రిటైరైనా, రాజీనామా చేసినా గ్రాట్యుటీ ఇవ్వాల్సిందే. 1972 నాటి చట్టంలో ఉన్న ఈ హక్కు 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన సామాజిక భద్రతా కోడ్‌లోనూ ఉంది.

లెక్క చూడండి. నెలకు 26 పని రోజుల లెక్కన 26,000ను 26తో భాగిస్తే రోజుకు 1,000. ఏడాదికి 15 రోజుల చొప్పున 15,000. చివరి ఎనిమిది నెలలు ఆరు దాటాయి కాబట్టి పూర్తి ఏడాది కిందే లెక్క. అంటే ఏడేళ్లకు 1,05,000. (మీ ఆఫర్ లెటర్ తీసి చూడండి. సీటీసీలో, అంటే కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చు లెక్కలో, గ్రాట్యుటీ అని ఒక పద్దు ఉండే ఉంటుంది. చేరేటప్పుడు జీతంలో కలిపి చూపించి, పోయేటప్పుడు లేదనడం మామూలైపోయింది.)

నోటీసు తగ్గిన రోజులకు డబ్బు అడిగితే అది వేరే గొడవ, దానికోసం గ్రాట్యుటీ ఆపకూడదు. విధ్వంసం, హింస లాంటి కారణాలతో ఉద్యోగం తీసేస్తేనే కోత పెట్టగలరు.

ముందు రాతపూర్వకంగా అడగండి, మెయిల్ కాపీ దాచుకోండి. మీరు ఉద్యోగం మానేసిన రోజు నుంచి వాళ్లకు 30 రోజుల గడువు, దాటితే వడ్డీ కూడా కట్టాలి. అప్పటికీ కదలకపోతే ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లోని అంజయ్య కార్మిక సంక్షేమ భవన్‌కు వెళ్లి, మీ ఏరియా కార్మిక శాఖ అధికారి ఎవరో కనుక్కోండి.