రెజీనా మనసు వెతుకుతున్న అమ్మాయికి

చిరంజీవికి,

ఆశీస్సులు. "వన్స్ అపాన్ ఎ టైమ్" సీరియల్ పాత్రల మీద నీ వ్యాసం అందింది. మొదటి పేజీ చివర "రెజీనా దుర్మార్గురాలు కాదు, గాయపడిన మనిషి" అని రాశావు చూడు, అక్కడికి రాగానే కాగితాలు బల్ల మీద పడేసి లేచిపోయాను. మళ్లీ వచ్చి ఎందుకు కూర్చున్నానో తర్వాత చెబుతాను. ముందు ఆ వాక్యం సంగతి తేలాలి.

ఆ సీరియల్ నేనూ చూశాను. 2011 అక్టోబరులో ఏబీసీ ఛానెల్‌లో "వన్స్ అపాన్ ఎ టైమ్" మొదలైంది. 2018 మే నెలలో ముగిసేసరికి ఏడు సీజన్లు నడిచింది. నీ రెజీనాయే అందులో రాణి, స్నోవైట్ సవతి తల్లి. ఆమె శపిస్తుంది. కథల్లోని మనుషులందరూ తామెవరో మరచిపోయి అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో, స్టోరీబ్రూక్ అనే ఊళ్లో వచ్చి పడతారు. 28 ఏళ్లు అక్కడ కాలం కదలదు. ఒక్కో ఎపిసోడ్‌లో కొంత భాగం ఈ ఊళ్లో, కొంత భాగం పాత లోకంలో జరుగుతుంది. ఇక్కడ చేసిన పనికి అక్కడ కారణం దొరుకుతుందన్న ఆశ ఆ అల్లికలోనే ఉంది కాబట్టి, చూసేవాళ్లు కారణాలు ఊహించకుండా ఉండలేరు. ఆ విషయంలో నిన్ను తప్పుపట్టను. ఊహించి ఊరుకుంటే నాకు బాధ లేదు. నువ్వు ఊహించి, తీర్పు చెప్పి, ఆమెను విడుదల చేసి పంపేశావు.

నీ వాదన ఇది. రెజీనా ప్రేమించిన గుర్రాలశాల కుర్రాడు డేనియల్ గుండెను ఆమె తల్లి కోరా పెకలించి, కూతురి కళ్ల ముందే నలిపేసింది. వాళ్ల ప్రేమ సంగతి కోరాకు చెప్పింది చిన్నపిల్ల స్నో, అంటే స్నోవైట్. మరి పగ కోరా మీద కాకుండా స్నో మీదకు ఎందుకు మళ్లింది? అభిమానులు ఏళ్ల తరబడి తలలు బద్దలుకొట్టుకున్న ప్రశ్నే. "తల్లిని ఎదిరించే ధైర్యం లేక, చేతికి అందిన పిల్ల మీద కోపం తీర్చుకుంది" అని నువ్వు తేల్చావు.

రెండో సీజన్ మళ్లీ చూడు. కోరాను మాయాద్దంలోకి తోసి వేరే లోకానికి పంపింది ఎవరు? రెజీనాయే. తనే తోసింది. తల్లిని ఎదిరించింది, తల్లి పీడ వదిలించుకుంది, ఆ తర్వాత కూడా స్నోను వదల్లేదు. నీ సిద్ధాంతం అక్కడే కూలిపోయింది. నువ్వు ఆ దృశ్యాన్ని చూడకపోలేదు, నాలుగో పేజీలో ప్రస్తావించావు కూడా. అయినా సిద్ధాంతం ముద్దొచ్చి దృశ్యాన్ని పక్కకు నెట్టావు. రాసేవాళ్లు చేయకూడని పని అది. పాత్ర చేసిన పని ఒకటి నీ ఊహకు అడ్డం వస్తే, మారాల్సింది నీ ఊహ.

దాని బదులు రెజీనా పెళ్లి దుస్తుల్లో ఉన్న ఆ దృశ్యం దగ్గర ఆగి ఉంటే బాగుండేది. నువ్వు కూడా నాలాగే అమ్మను పోగొట్టుకోకూడదని చెప్పానంటుంది స్నో. ఆ పిల్ల తల్లి అప్పటికే చనిపోయింది. తనకు తెలిసిన దుఃఖాల్లో అతి పెద్దది ఇంకొకరికి రాకూడదని రహస్యం బయటపెట్టింది. అంతకన్నా మంచి ఉద్దేశం ఉంటుందా? రెజీనా ఆ మాట విని, కోపం లేదని చెప్పి పిల్లను పంపిస్తుంది. ఆ మొహం చూడు. పిల్ల దుర్మార్గం చేసి ఉంటే క్షమించడం తేలికయ్యేదేమో! మంచితనం వల్ల నాశనమైన మనిషి ఎవరిని తిట్టాలి? ఇక్కడ నేను "బహుశా" అనడం లేదు, కారణం కూడా చెప్పడం లేదు. నా కళ్లకు కనిపించింది చెప్పాను. నీ వ్యాసం నిండా బహుశాలే. బహుశా అసూయ, బహుశా ఒంటరితనం, బహుశా ఆమెకు మంత్రాలు నేర్పిన రుంపెల్‌స్టిల్ట్‌స్కిన్ ప్రభావం. అన్నీ ఒకే తూకంలో పెడితే చదివేవాడు దేన్ని పట్టుకోవాలి?

నేను ఇన్నేళ్లు రాసి నమ్ముతున్నది ఒక్కటే, అది నీ చెవిలో పడేదాకా అంటూనే ఉంటాను. పాత్ర ఉద్దేశం దాని గతంలో దొరకదు. అది ఏం పోగొట్టుకోవడానికి సిద్ధపడిందో అక్కడ దొరుకుతుంది. డేనియల్ చావు రెజీనాకు దుఃఖాన్ని ఇచ్చింది, అంతవరకే. ప్రేమించినవాణ్ని పోగొట్టుకున్నవాళ్లు కోట్ల మంది ఉన్నారు, వాళ్లెవరూ లోకాన్ని శపించలేదు. శాపం పారాలంటే అందరికన్నా ప్రియమైనవాళ్ల గుండె కావాలని తెలిశాక, ఆమె తన తండ్రి గుండెను తీసింది. ఏడుస్తూ తీసింది. ఆ క్షణంలో రెజీనా ఎవరో తెలిసింది. గుర్రాలశాలలో తెలియలేదు.

జానపద కథ ఈ సంగతిని మనకన్నా ముందే గ్రహించింది. జర్మనీ జానపద కథలు సేకరించిన గ్రిమ్ సోదరుల 1812 నాటి మొదటి కూర్పులో స్నోవైట్‌ను చంపించబోయింది కన్నతల్లి. 1819 కూర్పులో ఆమెను సవతి తల్లిగా మార్చారు. మనిషి మారిపోయింది, చేసిన పనులు మాత్రం అలాగే ఉన్నాయి. అవే అద్దం, వేటగాడు, విషపు ఆపిల్. జానపద కథల పండితుడు వ్లదీమిర్ ప్రోప్ 1928లో రష్యా అద్భుత కథలను విడదీసి చూపినప్పుడు కూడా ఇదే అన్నాడు: కథలో పాత్రల పనులు స్థిరంగా ఉంటాయి, ఉద్దేశాలు మాత్రం చెప్పేవాణ్ని బట్టి మారిపోతూ ఉంటాయి. మన మంథర సంగతి చూడు. వాల్మీకి ఆమెను మేడ ఎక్కించి, అలంకరించిన అయోధ్యను చూపించి, దాదిని నాలుగు మాటలు అడిగించి, నేరుగా కైక దగ్గరికి పంపాడు. పాత పగ ఏదీ చెప్పలేదు. తర్వాత చెప్పినవాళ్లకు అది చాలలేదు. దేవతలు సరస్వతిని పంపి ఆమె చేత ఆ మాటలు పలికించారని ఒకరు, చిన్ననాటి రాముడు ఆమెను నొప్పించాడని ఇంకొకరు కారణాలు పూరించారు. నువ్వు చేస్తున్న పనికి అంత పాత వంశం ఉంది. అందుకే దాన్ని చిన్నచూపు చూడను. కానీ వాల్మీకి మంథరే నన్ను ఇప్పటికీ ఎక్కువ భయపెడుతుంది.

ఈ విషయం మీద నాకు ఇంత మంట ఎందుకో కూడా చెబుతాను. వారపత్రికలకు కథలు పంపి తిరుగుటపాలో వెనక్కి తెచ్చుకుంటున్న రోజుల్లో ఒక కథ అచ్చయింది. అందులో ఒక పెద్దాయన తన తమ్ముడి పొలం కాగితాలను రాత్రికి రాత్రి పొయ్యిలో వేస్తాడు. ఎందుకు వేశాడో నేను రాయలేదు. ఒక్కొక్క కాగితాన్నీ చదివి, మడత సరిచేసి మరీ వేశాడని రాశాను. అచ్చులో చూస్తే ఆయన చిన్నప్పుడు తండ్రి తమ్ముణ్నే ఎక్కువ ముద్దుచేశాడని ఒక పేరా ఉంది. నాది కాదు. సంపాదకుడు నన్ను అడగకుండా చేర్చాడు. "పాఠకులకు కారణం కావాలండీ" అన్నాడు తర్వాత, నాకు ఉపకారం చేసినట్టు. వచ్చిన ఉత్తరాలన్నీ ఆ పేరా గురించే, అయ్యో పాపం అని. కాగితం మడత సరిచేయడం గురించి ఒక్కరూ రాయలేదు. ఆ సంపాదకుణ్ని నేను క్షమించలేదు, క్షమించను కూడా. ఈ రోజు ప్రతి విలన్‌కూ ఒక బాల్యం కుట్టి పెడుతున్న ఫ్యాషన్ చూసినప్పుడల్లా ఆయనే లోకమంతా కుర్చీలు వేసుకుని కూర్చున్నాడనిపిస్తుంది.

సీరియల్ రాయడంలో ఇంకో సంగతి ఉంది, నీ వ్యాసంలో దాని ఊసే లేదు. సీరియల్ రాసేవాడికి ముందు సంగతులన్నీ తెలియవు. నేను వారం వారం రాసేటప్పుడు, వచ్చే వారం ఆ పాత్ర ఏం చేస్తుందో తెలియకుండానే ఈ వారం భాగం అప్పగించిన సందర్భాలు చాలా ఉన్నాయి. పాఠకుల ఉత్తరాలు మాత్రం నేను అన్నీ ముందే పథకం వేశానన్న నమ్మకంతో వచ్చేవి. వాటి నుంచి నేను నేర్చుకున్నది ఏమిటంటే, పని స్పష్టంగా కనిపించి కారణం కనపడని చోటే జనం ఊహిస్తారు. పనే మసకగా ఉంటే ఎవరూ ఉత్తరం రాయరు, పేజీ తిప్పేస్తారు. రుంపెల్‌స్టిల్ట్‌స్కిన్ కొడుకు బేల్‌ఫైర్ విషయం చూడు. ఊళ్లోకి కొత్తగా వచ్చిన ఆగస్ట్ అనే మనిషే ఆ తప్పిపోయిన కొడుకని మొదటి సీజన్‌లో చాలామంది ఊహించారు. సీరియల్ రచయితలు ఆ ఊహను గోల్డ్ (స్టోరీబ్రూక్‌లో రుంపెల్ పేరు అది) మనసులోనే పెట్టి, తండ్రి చేతే ఆగస్టును కొడుకని నమ్మించి, తర్వాత కాదని చెప్పారు. చూసేవాడు చేసే పొరపాటును పాత్ర చేత చేయించడం ఎంత గట్టి పనితనమో! దాని గురించి నువ్వు ఒక పేజీ రాయాల్సింది.

ఇప్పుడు నేను తిరిగి వచ్చి ఎందుకు కూర్చున్నానో చెబుతాను. తొమ్మిదో పేజీలో, పేరా మధ్యలో, ఎవరూ చూడరన్నట్టు నువ్వు రుంపెల్ గురించి ఒక వాక్యం వదిలేశావు: "అతను ఒక చేత్తో బాకు పట్టుకున్నాడు, ఇంకో చేత్తో కొడుకును పట్టుకున్నాడు, వదిలింది కొడుకు చేతిని." తల్లీ, ఆ వాక్యం రాసిన మనిషి మిగతా పేజీలు ఎందుకు రాసింది?

అక్కడ అన్నీ ఉన్నాయి. మంత్రం లేని లోకానికి వెళ్లిపోదాం, మళ్లీ మామూలు తండ్రివి అవుతావని బే, అంటే బేల్‌ఫైర్, బతిమాలాడు. నేల తెరుచుకుంది, సుడి లాగుతోంది. రుంపెల్ తన శక్తికి మూలమైన బాకును మట్టిలో దిగేసి దాన్ని పట్టుకుని వేలాడాడు. పట్టు వదిలింది కొడుకుదే. నేల మూసుకుపోగానే అదే చేతులతో మట్టిని తవ్వడం మొదలుపెట్టాడు. దీనికి ముందు యుద్ధంలో అతను తన కాలిని తనే సుత్తితో విరగ్గొట్టుకున్నాడు. నీ చర్య వల్ల నీ కొడుకు తండ్రి లేనివాడవుతాడని జోస్యం చెప్పారు కాబట్టి, చావకుండా ఇంటికి పోవాలనుకున్నాడు. అది పిరికితనమా, ప్రేమా అని నువ్వు రెండు పేజీలు వాదించి చివరకు ప్రేమ వైపు మొగ్గావు. ఎందుకు మొగ్గాలి? సుత్తి దెబ్బ ఒక్కటే పడింది. అందులో రెండూ ఉన్నాయి, ఏది ఎంతో అతనికే తెలియదు. ఆ దెబ్బను విడదీసి రెండు గిన్నెల్లో పోయాలని చూస్తే నీ చేతిలో మనిషి మిగలడు. జోస్యం కూడా నిజమైంది, కాకపోతే అతను భయపడినట్టు చావు వల్ల కాదు.

గ్రిమ్ కథలో రుంపెల్ ఒక మరుగుజ్జు, ఎవరో కూడా తెలియదు, రాణి బిడ్డను ఇమ్మని వస్తాడు. రాజ్యంలోని సంపదలన్నీ ఇస్తాను, బిడ్డను మాత్రం అడగవద్దని రాణి వేడుకుంటే, లోకంలోని నిధులన్నిటికన్నా ప్రాణమున్నది ఏదైనా నాకు ప్రియం అంటాడు. బిడ్డ ఎందుకు కావాలో కథ చెప్పదు. సీరియల్ రచయితలు ఆ ఒక్క మాట దగ్గర చాలాసేపు కూర్చుని ఉంటారని నాకు అనిపిస్తుంది, కొడుకును పోగొట్టుకున్న తండ్రి అక్కడి నుంచే పుట్టి ఉండాలి. ఊహించడమంటే అదీ. కథలో ఉన్న ఒక మాటను పట్టుకుని, దానికి విరుద్ధంగా ఒక్క అడుగు వేయకుండా, అది పోయే చోటుకల్లా పోవడం.

కాబట్టి వ్యాసాన్ని తొమ్మిదో పేజీ నుంచి మళ్లీ మొదలుపెట్టు. మొదటి ఎనిమిది పేజీలు తీసెయ్. గుండెకు కష్టంగా ఉంటుంది, అయినా తీసెయ్. ఎపిసోడ్ నంబర్లు వద్దు, ఇతర అభిమానులు ఏమన్నారో వద్దు, పాత్ర మీద జాలి చూపించే విశేషణాలు అసలే వద్దు. చేతులు ఏం చేశాయో రాయి. కలంపేరు పెట్టుకోవాలా, ఎవరికి పంపాలి అని అడిగావు, అవన్నీ తర్వాత.

ఒక్క దృశ్యం మాత్రం నీకు అప్పగిస్తున్నాను, నువ్వు దాన్ని ముట్టుకోలేదు. రెజీనా తండ్రి పేరు హెన్రీ. ఆమె చంపిన మనిషి. అతని సమాధి మీద "ప్రియమైన తండ్రి" అని చెక్కించింది. తర్వాత స్టోరీబ్రూక్‌లో ఒక పసివాణ్ని పెంచుకుని వాడికి హెన్రీ అని పేరు పెట్టింది. పశ్చాత్తాపమో, తాను తీసిన ప్రాణాన్ని మళ్లీ ఇంట్లో పెట్టుకోవాలన్న మొండితనమో అని నన్ను అడగకు. ఆమె రోజూ ఆ పేరు పెట్టి పిల్లవాణ్ని భోజనానికి పిలుస్తుంది కదా, అలా పిలిచేటప్పుడు ఆ ఇంట్లో ఏం జరుగుతుందో నాలుగు పేజీల్లో రాసి పంపు. నెలాఖరులోగా వస్తే వెంటనే చదువుతాను.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి