పాత పికప్‌లో ఐడిల్ ఊగుతోంది, రెండు లైట్లు వెలుగుతున్నాయి: ఆక్సిజన్ సెన్సర్ మార్చాలా?

మీ సమస్య నాకు అర్థమైనంతవరకు ఇది. ఇరవై ఏళ్లు దాటిన పెట్రోల్ పికప్. బండి ఆగి ఇంజిన్ నడుస్తున్నప్పుడు, అంటే ఐడిల్‌లో, ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) పడుతూ లేస్తూ ఉంది. చెక్ ఇంజిన్ లైటు వెలిగితే స్కానర్ పెట్టించారు, పీ0171 కోడ్ వచ్చింది. ఇంజిన్ బాగా వేడెక్కాక ఐడిల్‌లో ఆయిల్ లైటు కూడా మినుకుమంటోంది. మెకానిక్ ఆక్సిజన్ సెన్సర్ మార్చమన్నారు.

సెన్సర్ ఇప్పుడే కొనకండి. దాదాపు ఇవే లక్షణాలతో ఇంతే వయసున్న పికప్‌ను నేను బాగు చేసుకున్నాను. అందులో సెన్సర్ తప్పేమీ లేదు.

అన్నిటికన్నా ముందు ఆయిల్ లైటు సంగతి తేల్చండి. చెక్ ఇంజిన్ లైటు నిలకడగా వెలుగుతుంటే ఇంటిదాకా నెమ్మదిగా నడుపుకుంటూ వెళ్లవచ్చు. అదే లైటు ఆరి వెలుగుతుంటే ఇంజిన్ తీవ్రంగా మిస్ కొడుతోందని అర్థం. కాలని పెట్రోలు సైలెన్సర్ దారిలోకి పోయి, పొగను శుభ్రం చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. ఎర్రటి ఆయిల్ లైటు వీటన్నిటికన్నా ప్రమాదకరం. అది వెలిగితే బండి పక్కకు తీసి వెంటనే ఇంజిన్ ఆపాలి. ఆయిల్ ఒత్తిడి లేకుండా ఒక్క నిమిషం తిరిగినా బేరింగులు పోవచ్చు.

చదునైన చోట బండి నిలిపి, ఇంజిన్ ఆపి కాసేపాగి డిప్‌స్టిక్ చూడండి. ఆయిల్ సరిపడా ఉంటే, ఆ లైటును వెలిగించే ప్రెషర్ స్విచ్ విప్పి, అక్కడ మెకానికల్ గేజ్ పెట్టించండి. వేడి ఇంజిన్‌లో ప్రతి 1000 ఆర్‌పీఎంకు సుమారు 10 పీఎస్ఐ (ఒత్తిడి కొలత) ఉండాలన్నది మెకానిక్కులు ఎప్పటినుంచో వాడే లెక్క. కచ్చితమైన అంకె మీ బండి మాన్యువల్‌లో ఉంటుంది. గేజ్ బాగా చూపిస్తూ లైటు మాత్రం మినుకుమంటే స్విచ్ పాడైందన్నమాట, అది చిన్న ఖర్చు. గేజ్‌లోనూ తక్కువ వస్తే బండి కదపకండి, ఐడిల్ సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఈ రెండు సమస్యలకూ సంబంధం ఉండే అవకాశం కూడా ఉంది. ఆయిల్ పంపు ఇంజిన్‌తోనే తిరుగుతుంది. మామూలుగా 600 నుంచి 800 దాకా ఉండాల్సిన ఐడిల్ 400కు జారితే పంపు కూడా నెమ్మదిస్తుంది, ఒత్తిడి పడిపోతుంది. అందుకే యాక్సిలరేటర్ కొద్దిగా నొక్కి ఐడిల్‌ను సరైన వేగంలో నిలిపి కూడా ఒకసారి ఒత్తిడి కొలవండి.

ఇక కోడ్ విషయం. ఒకటో సిలిండర్ ఉన్న వైపు మిశ్రమం పల్చగా ఉందని, అంటే పెట్రోలు తక్కువో గాలి ఎక్కువో అయిందని పీ0171 చెబుతుంది. పొగలో ఆక్సిజన్ మిగిలిపోతోందని కంప్యూటర్‌కు చెప్పింది ఆ సెన్సరే. ఫిర్యాదు చేసినవాడినే దోషిగా పట్టుకుంటే ఎలా? కోడ్ చెరిపేయకముందే దానితోపాటు నమోదైన ఫ్రీజ్ ఫ్రేమ్ వివరాలు రాసి పెట్టుకోండి. లైటు వెలిగిన క్షణంలో ఇంజిన్ వేడి, ఆర్‌పీఎం, లోడు ఎంతో అందులో ఉంటాయి. చెరిపితే అవి కూడా పోతాయి.

తర్వాత స్కానర్‌లో ఫ్యూయల్ ట్రిమ్ చూడండి. నా దృష్టిలో మొత్తం పరీక్షలో అతి విలువైనది ఇదే. లోపాన్ని సరిదిద్దడానికి కంప్యూటర్ ఎంత పెట్రోలు అదనంగా పోస్తోందో ఆ శాతం చెబుతుంది. షార్ట్ టర్మ్ (ఆ క్షణపు సర్దుబాటు), లాంగ్ టర్మ్ (కొంతకాలంగా నేర్చుకున్న సర్దుబాటు) రెండూ కలిపి 10 శాతం లోపు ఉంటే కంగారు లేదు. ఇంజిన్ వేడెక్కాక ఐడిల్‌లో ఒకసారి, 2500 ఆర్‌పీఎం దగ్గర పట్టి ఉంచి ఇంకోసారి చదవండి. నా బండిలో ఐడిల్‌లో 20 శాతం దాటిన అంకె, రేస్ చేయగానే దాదాపు సున్నాకు దిగింది. అలా వస్తే ముందు వాక్యూమ్ లీకునే, అంటే ఇంజిన్‌లోకి దొంగచాటుగా గాలి చొరబడే చీలికనే, అనుమానించాలి. ఐడిల్‌లో థ్రాటిల్ (గాలి దారిలోని తలుపు) మూసుకుని ఉంటుంది, లోపలి పీల్పు బలంగా ఉంటుంది, ఇంజిన్ తీసుకునే గాలి మాత్రం తక్కువ. ఆ కాస్త గాలిలో దొంగగాలి వాటా పెద్దది. రేస్ చేస్తే అసలు గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది కాబట్టి అదే లీకు లెక్కలోకి రాదు. తిరగబడి వస్తే, అంటే ఐడిల్‌లో బాగుండి లోడు మీద అంకె పెరుగుతుంటే, ఫ్యూయల్ ఫిల్టర్, పంపు ఒత్తిడి, మురికి పట్టిన ఎయిర్ ఫ్లో సెన్సర్ చూడాలి. ఆ సెన్సర్‌ను దానికోసమే అమ్మే స్ప్రేతో తప్ప వేరే దేనితోనూ కడగకండి.

నాకు లీకు దొరికిన చోటు చెబుతాను, మీరూ ముందు అక్కడే చూడండి. ఇంజిన్ లోపలి ఆవిర్లను బయటికి తీసే పీసీవీ వాల్వ్ నుంచి ఇన్‌టేక్‌లోకి (ఇంజిన్‌కు గాలి వెళ్లే దారిలోకి) వెళ్లే రబ్బరు గొట్టానికి వెనకవైపు ఒక వంపు ఉంటుంది. పైనుంచి చూస్తే నల్లగా, నిండుగా, ఏ లోపమూ లేనట్టే ఉంది. ఇంజిన్ ఆపి అడుగున వేలు పెట్టి తడిమితే ఆయిల్ పీల్చుకుని ఉబ్బి, జిగటగా మెత్తబడి ఉంది. కొంచెం నొక్కగానే పొడవాటి చీలిక చేప నోరు తెరిచినట్టు తెరుచుకుంది. ఇంజిన్ తిప్పి, గొట్టాన్ని ఇన్‌టేక్ దగ్గర పకారుతో మెల్లగా నొక్కి మూస్తే ఊగిసలాట అక్కడికక్కడే ఆగింది. అలాంటి గొట్టాలన్నిటినీ, బ్రేక్ బూస్టర్‌కు వెళ్లేదానితో సహా, ఒక్కొక్కటిగా ఇలాగే పరీక్షించండి. చాలామంది కార్బ్యురేటర్ క్లీనర్ చల్లి చూస్తారు. ఇంజిన్ పొగ బయటికొచ్చే వేడి మానిఫోల్డ్ పక్కన అది మంట అంటుకునే పని. దాని బదులు గ్యారేజీలో స్మోక్ టెస్ట్ చేయించండి, పొగ ఎక్కడ బయటికొస్తే అక్కడే లీకు. ఏది చేసినా బండి ఆరుబయట ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి, చొక్కా చేతులు ఫ్యాన్‌కు దూరంగా ఉండాలి.

గొట్టాలన్నీ బాగుంటే సమస్య ఎప్పుడు వస్తోందో గమనించండి. చల్లగా ఉన్నప్పుడే వచ్చి వేడెక్కాక పోతే ఇన్‌టేక్ గ్యాస్‌కెట్ లేదా కూలెంట్ టెంపరేచర్ సెన్సర్. ట్యాంకు నింపిన వెంటనే మొరాయిస్తే తెరుచుకుని ఇరుక్కున్న పర్జ్ వాల్వ్ (ట్యాంకులోని పెట్రోలు ఆవిరిని ఇంజిన్‌కు పంపేది). థ్రాటిల్ బాడీలో మసి పేరుకుని, ఐడిల్ కంట్రోల్ వాల్వ్ బిగుసుకుపోవడం ఈ వయసు బండ్లలో మామూలే. మసి శుభ్రం చేశాక కంప్యూటర్ కొత్త ఐడిల్ నేర్చుకునేవరకు కొంత ఊగుతుంది, భయపడకండి.

ఇవన్నీ చూశాక కూడా ట్రిమ్ దిగకపోతే అప్పుడు సెన్సర్‌ను పరీక్షించండి. పాత రకం సెన్సర్ అయితే ఇంజిన్ వేడెక్కాక స్కానర్‌లో దాని వోల్టేజీ సుమారు 0.1 నుంచి 0.9 మధ్య చకచకా మారుతుండాలి. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పైకి దూకాలి, వదిలితే కిందకు పడాలి. సెన్సర్‌కు ముందు సైలెన్సర్ గొట్టంలో పగులు ఉన్నా బయటి గాలి లోపలికి వచ్చి తప్పుడు అంకె చూపిస్తుంది, కాబట్టి అది కూడా చూడండి. పగులు లేదు, వోల్టేజీ మాత్రం కిందనే అతుక్కుపోయి కదలడం లేదంటే మీ మెకానిక్ చెప్పిందే నిజం, సెన్సర్ మార్పించండి.