ఘంటసాలలో గంట లేదు

సందేహం: గాయకుడు ఘంటసాల గారి ఇంటిపేరుకు ‘గంటలున్న శాల’ అని అర్థమనీ, అందుకే ఆ కంఠానికి అంత చక్కగా అతికిందనీ మా మిత్రుడు వాదిస్తాడు. నిజమేనా? ఇంటిపేరు ఇలా వృత్తికి కుదరడాన్ని తెలుగులో ఏమనాలి? పనిలో పనిగా, ‘మేస్త్రి’ ఉర్దూ మాటేనా?

సమాధానం: మీ మిత్రుడి ఊహ అందంగానే ఉంది కానీ శాసనాలు ఒప్పుకోవు. ఘంటసాల కృష్ణా జిల్లాలో ఒక ఊరు, పాత బౌద్ధక్షేత్రం. నాగార్జునకొండ ప్రాకృత శాసనంలో దాని పేరు ‘కంటకసేల’. క్రీస్తుశకం రెండో శతాబ్దపు గ్రీకు భూగోళవేత్త టాలెమీ దాన్నే ‘కంటకొస్సిల’ అని రాసి, వర్తకకేంద్రమని చెప్పాడు. ప్రాకృతంలో ‘సేల’ అంటే శైలం. అంటే సంస్కృతంలో కంటకశైలం అనుకోవాలి. కంటకమంటే ముల్లు! అర్థం మరుగునపడ్డ మాటను జనం తమకు తెలిసిన మాటలోకి లాక్కోవడం మామూలే; దీన్నే లోకనిరుక్తి అంటాం. ముల్లు గంటగా, కొండ శాలగా మారింది అలాగే.

ఇంకో సంగతి. వెంకటేశ్వరరావు గారు (1922–1974) పుట్టింది ఘంటసాలలో కాదు, చౌటపల్లిలో. ఇందులో వింతేమీ లేదు. ఘంటసాలలోనే ఉన్నవాళ్లను ‘ఘంటసాలవారు’ అని ఎవరు పిలుస్తారు, అక్కడ అందరూ ఘంటసాలవారే కదా! ఊరు వదిలి వెళ్లిన కుటుంబానికే ఊరిపేరు ఇంటిపేరవుతుంది. మన ఇంటిపేర్లలో పెద్దభాగం ఇలాంటివే. కాబట్టి పాటకూ ఆ పేరుకూ కుదిరిన జోడీ కేవలం కాకతాళీయం.

కాకతాళీయమైనా ముచ్చటగా ఉండేవి చాలా ఉన్నాయి. వేదం వేంకటరాయశాస్త్రి గారు సంస్కృతాంధ్రాల్లో మహాపండితులు. కవికొండల వెంకటరావు గారు కవి. కరణం మల్లీశ్వరి 2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. కరణం అంటే ఊరి లెక్కలు రాసే ఉద్యోగి గనక ఇక్కడ అతుకు కాస్త బలవంతమే, లెక్క కిలోల్లో ఉందని సరిపెట్టుకోవాలి. ఇంగ్లండులో 2008 నుంచి 2013 దాకా ప్రధాన న్యాయమూర్తిగా ఉన్నాయన ఇంటిపేరు జడ్జ్. మెదడు, నరాల వైద్యుడు రస్సెల్ బ్రెయిన్ ‘బ్రెయిన్’ అనే వైద్యపత్రికకే సంపాదకుడయ్యాడు. ఇలాంటివి పోగుపడేసరికి ‘న్యూ సైంటిస్ట్’ పత్రిక 1994లో దీనికి ‘నామినేటివ్ డిటర్మినిజం’ అని పేరు పెట్టింది.

తెలుగులో ‘సార్థకనామధేయుడు’ అనే మాట వాడుకలో ఉండనే ఉంది. అయితే దాన్ని ఎక్కువగా పెట్టిన పేరుకు తగ్గట్టు బతికినవాళ్ల గురించి వాడతాం. ఇంటిపేరు సంగతికి నేనైతే ‘నామౌచిత్యం’ అంటాను. నేను పుట్టించింది కాదు. పదకొండో శతాబ్దపు కాశ్మీర ఆలంకారికుడు క్షేమేంద్రుడు ఔచిత్యాన్ని ఇరవై ఏడు తావుల్లో చూపించాడు. వాటిలో నామం ఒకటి. ఒకే పాత్రకు ఉన్న పలు పేర్లలో సందర్భానికి తగినదాన్ని కవి ఎంచుకోవడం గురించి ఆయన మాట్లాడాడు. మనం దాన్ని కావ్యంలోంచి వీధిలోకి తెచ్చుకుంటే తప్పులేదు.

ఇక మేస్త్రి. ఉర్దూలోనూ హిందీలోనూ ‘మిస్త్రీ’ ఉంది గానీ, అక్కడా అది అరువు సొత్తే. మూలం పోర్చుగీసు ‘మెస్త్రె’: పనిలో ఆరితేరినవాడు, గురువు. దాని వెనక లాటిన్ ‘మగిస్తెర్’. ఆ లాటిన్ మాటే ఇంగ్లీషులో ‘మాస్టర్’ అయి, మన దగ్గర ‘మేష్టారు’గా స్థిరపడింది. అంటే గోడ కట్టే మేస్త్రీ, పాఠం చెప్పే మేష్టారూ అన్నదమ్ముల పిల్లలు. ఒకరు పోర్చుగీసు ఓడలో వచ్చారు, ఇంకొకరు ఇంగ్లీషు ఓడలో. మగిస్తెర్‌లోని ‘మగిస్’కు ‘ఎక్కువ’ అని అర్థం. దానికి ఎదురుగా, ‘తక్కువ’ అనే అర్థమున్న ‘మినుస్’ నుంచి పుట్టింది ‘మినిస్తెర్’, అంటే సేవకుడు. మన మినిస్టరు అక్కణ్నుంచి వచ్చినవాడే. వ్యుత్పత్తి ప్రకారం మంత్రిగారికన్నా తాపీమేస్త్రి పెద్దవాడు.