కోల్‌కతాలో మూడు రోజులు, అందులో ఒకటి సోమవారం

పాఠకుల ప్రశ్నలు – యాత్రలు

ప్రశ్న: మేము విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీలో ఉంటాము. డిసెంబరు రెండో వారంలో నేను, మా వారు, తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయి, అరవై ఎనిమిదేళ్ల మా అత్తగారు కలిసి మొదటిసారి కోల్‌కతా వెళ్లాలనుకుంటున్నాము. శుక్రవారం రాత్రి కోరమండల్‌లో బయలుదేరి, సోమవారం రాత్రి అక్కడ తిరుగు రైలెక్కాలని ఆలోచన. అత్తగారికి మోకాళ్ల నొప్పులున్నాయి, అయినా అమ్మవారి దర్శనం తప్పకుండా చేసుకోవాలంటున్నారు. అమ్మాయికి మ్యూజియం, పుస్తకాల వీధి చూడాలని ఉంది. శనివారం కాళీఘాట్, దక్షిణేశ్వర్, బేలూరు మఠం. ఆదివారం కాలేజీ స్ట్రీట్, జొరాసాంకో, విగ్రహాలు చేసే కుమార్‌తులి, న్యూ మార్కెట్. సోమవారం విక్టోరియా మెమోరియల్, ఇండియన్ మ్యూజియం, నేతాజీ భవన్, ఎకో పార్క్ అని రాసుకున్నాము. ఇన్నీ చూడగలమా? – పేరు ప్రచురించవద్దని కోరిన పాఠకురాలు

జవాబు: అమ్మా, మీరు ఎంచుకున్న చోట్లలో వంక పెట్టవలసింది ఒక్కటీ లేదు. వాటికి మీరు కేటాయించిన రోజులే తప్పాయి. విక్టోరియా మెమోరియల్ లోపలి ప్రదర్శనశాలలు, ఇండియన్ మ్యూజియం, నేతాజీ భవన్, ఎకో పార్క్ నాలుగూ సోమవారం మూసి ఉంటాయి. జొరాసాంకోలోని రవీంద్రనాథ్ ఠాగూర్ కుటుంబం ఇంటికీ సోమవారమే సెలవు. కాలేజీ స్ట్రీట్ పుస్తకాల దుకాణాల్లో చాలావరకు ఆదివారం తలుపులు తీయరు. కాళీ ఆలయాల్లో శనివారం, మంగళవారం రద్దీ ఎక్కువగా ఉంటుంది కాబట్టి, మోకాళ్ల నొప్పులున్న పెద్దావిడను మీరు సరిగ్గా ఆ రద్దీలోకే తీసుకువెళ్లబోతున్నారు. మిమ్మల్ని తప్పుపట్టడానికి ఇది రాయడం లేదు. మొదటిసారి వెళ్లినప్పుడు నేను కూడా ఒక సోమవారం పొద్దున్నే చౌరంగీ రోడ్డులో మ్యూజియం గేటు ముందు అరగంట నిలబడి, వేరుశనగలు తిని వెనక్కి వచ్చినవాణ్ణే.

కాబట్టి ముందుగా మీ పథకాన్ని తలకిందులు చేయండి. శనివారం కాలేజీ స్ట్రీట్, ఆదివారం విక్టోరియా, మ్యూజియం, సోమవారం దక్షిణేశ్వర్, బేలూరు పెట్టుకోండి. కాళీఘాట్ శక్తిపీఠమని అత్తగారు అక్కడికే వెళ్లాలంటే, సోమవారం తెల్లవారుజామున కాళీఘాట్‌కు వెళ్లి దక్షిణేశ్వర్‌ను వదులుకోండి. రెండింటిలో ఏది అన్న నిర్ణయం ఆమెకే వదిలేయండి. నన్నడిగితే మాత్రం దక్షిణేశ్వరే అంటాను. రాణీ రాస్‌మణి కట్టించి 1855లో ప్రతిష్ఠ చేయించిన ఆ ఆలయానికి విశాలమైన ప్రాంగణం ఉంది, పక్కనే గంగ (అదే హుగ్లీ నది) ఉంది, అలసిన మనిషి ఒక గట్టు చూసుకుని కూర్చోవచ్చు. కాళీఘాట్ ఇరుకైన చోటు. ఏ గుడి దగ్గరైనా సరే, త్వరగా దర్శనం చేయిస్తానని ఎవరైనా మీ వెంట నడవడం మొదలుపెడితే ఎంత ఇవ్వాలో బయటే తేల్చుకోండి, లేదా మర్యాదగా వద్దని చెప్పి వరుసలో నిలబడండి. లోపలికి వెళ్లాక బేరం మన చేతిలో ఉండదు.

ఇక రైలు సంగతి. మీరెక్కే కోరమండల్ ఇప్పుడు హౌరాకు వెళ్లదు, షాలిమార్‌లో ఆగిపోతుంది. అది కూడా నదికి పడమటి ఒడ్డునే ఉన్నా హౌరా స్టేషనుకు కొన్ని కిలోమీటర్లు దక్షిణాన ఉంటుంది, దగ్గరలో మెట్రో లేదు. అందువల్ల దిగగానే టాక్సీ మాట్లాడుకోవలసి వస్తుందని ముందే లెక్కలో పెట్టుకోండి. అద్దె విషయంలో వాదించే ఓపిక లేకపోతే, అక్కడి ప్రభుత్వం తెచ్చిన యాత్రీ సాథీ యాప్‌ను ఇక్కడే ఫోనులో వేసుకుని వెళ్లండి. తిరుగు ప్రయాణానికి, రాత్రి బాగా పొద్దుపోయాక హౌరాలో బయలుదేరే చెన్నై మెయిల్ మీకు సరిపోతుంది. దిగే స్టేషను ఒకటి, ఎక్కే స్టేషను మరొకటి అన్నది ఇంట్లో అందరికీ తెలిసి ఉండాలి. రిజర్వేషన్ ఇప్పుడు ప్రయాణానికి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, పాతరోజుల్లోలా నాలుగు నెలల ముందు కాదు. తెరిచిన రోజునే రెండు వైపులా టికెట్లు తీసుకోండి, అత్తగారికి కింది బెర్తు అడగండి. విశాఖ నుంచి హౌరా దాదాపు 880 కిలోమీటర్లు. పొద్దున్న ఖరగ్‌పూర్‌లో ప్లాట్‌ఫారం మీద తెలుగు వినిపిస్తే ఆశ్చర్యపోకండి. రైల్వే ఉద్యోగాల కోసం తరాల కిందట వెళ్లి స్థిరపడిన మనవాళ్లు అక్కడ చాలామంది ఉన్నారు.

బస విషయంలో గది అందం కన్నా మెట్రో ఎంత దూరమన్నదే చూడండి. మనకు విశాఖలో దారి తప్పితే కైలాసగిరో డాల్ఫిన్స్ నోసో కనిపిస్తుంది, లేదంటే సముద్రం ఎటుందో గాలే చెబుతుంది. కోల్‌కతా చదునైన నేల. అక్కడ కొండ లేదు, సముద్రం లేదు. మనసులో రెండు గీతలు గీసుకుంటే చాలు, ఊరు అర్థమవుతుంది. పడమట హుగ్లీ నది ఒక గీత. నదికి తూర్పుగా, ఉత్తరాన దక్షిణేశ్వర్ నుంచి దక్షిణానికి సాగే మెట్రో మార్గం రెండో గీత. దేశంలో మొట్టమొదటి మెట్రో 1984 అక్టోబరు 24న మొదలైంది ఈ మార్గంలోనే. మీరు చూడాలనుకున్నవన్నీ దాదాపు దాని మీదే పూసల్లా ఉన్నాయి. కుమార్‌తులికి శోభాబజార్, జొరాసాంకోకు గిరీశ్ పార్క్, కాలేజీ స్ట్రీట్‌కు మహాత్మా గాంధీ రోడ్, న్యూ మార్కెట్‌కు ఎస్‌ప్లనేడ్, మ్యూజియానికి పార్క్ స్ట్రీట్, కాళీఘాట్‌కు అదే పేరున్న స్టేషను. పార్క్ స్ట్రీట్, రవీంద్ర సదన్ స్టేషన్ల మధ్య ఎక్కడ గది తీసుకున్నా రోజూ ట్రాఫిక్‌లో గంటలు పోగొట్టుకోనక్కర లేదు.

మరొక సంగతి మనవాళ్లెవరూ లెక్కలోకి తీసుకోరు. భారత ప్రామాణిక కాలానికి ఆధారమైన రేఖాంశానికి విశాఖ చాలా దగ్గరగా ఉంది, కోల్‌కతా దానికి బాగా తూర్పున ఉంది. పైగా ఉత్తరాన ఉన్న ఊరు కావడంతో చలికాలం పగలు అక్కడ ఇంకా పొట్టిది. డిసెంబరులో మన బీచ్ రోడ్డులో ఇంకా ఎండ కనిపించే వేళకు అక్కడ పొద్దు గూకుతుంది, అయిదు గంటలకే దీపాలు పెడతారు. సాయంత్రం నదీ తీరం చూద్దామని అయిదున్నరకు బయలుదేరితే మిగిలేది చీకటే. చూడవలసినవి మధ్యాహ్నం మూడున్నరకల్లా మొదలుపెట్టండి. తెల్లవారుజామున చలి మన ఊరికన్నా ఎక్కువ కాబట్టి పెద్దావిడకు శాలువా మరిచిపోకండి.

శనివారం గదికి చేరి, భోంచేసి, అత్తగారిని విశ్రాంతి తీసుకోనివ్వండి. మీ వారో మీరో ఆమె దగ్గర ఉంటే, మరొకరు అమ్మాయిని కాలేజీ స్ట్రీట్‌కు తీసుకువెళ్లవచ్చు. అందరూ అన్నీ కలిసే చూడాలన్న పట్టుదల వల్ల కుటుంబ యాత్రల్లో సగం గొడవలు వస్తాయని నా అనుభవం. 1857లో స్థాపించిన కలకత్తా విశ్వవిద్యాలయం ఆ వీధిలోనే ఉంది, ఒకప్పటి ప్రెసిడెన్సీ కాలేజీ కూడా అక్కడే. పేవ్‌మెంట్ మీద రేకుల కొట్లలో పాత పుస్తకాలు కంఠందాకా పేర్చి ఉంటాయి. బేరం చేయవచ్చు, చేయాలి కూడా. అలసిపోతే అక్కడే మేడ మీద కాఫీ హౌస్ ఉంది. కాఫీ రుచి గురించి మన ప్రాంతంవాళ్లు ఎక్కువ ఆశ పెట్టుకోనక్కర లేదు, అక్కడ చూడవలసింది ఒక కప్పుతో గంటన్నర వాదించుకునే మనుషులను.

ఆదివారం పదింటికి తెరిచేసరికి విక్టోరియా మెమోరియల్ దగ్గర ఉండండి. 1906లో పునాది వేసి 1921లో ప్రారంభించిన ఈ మక్రానా పాలరాతి భవనం నిర్మాణం మధ్యలో ఒక విచిత్రం జరిగింది. 1911లో రాజధానిని ఢిల్లీకి మారుస్తున్నట్టు ప్రకటించారు, దానితో భవనం పూర్తయ్యేసరికి ఊరే రాజధాని కాకుండా పోయింది. మధ్యాహ్నం ఇండియన్ మ్యూజియానికి కనీసం రెండున్నర గంటలు ఇవ్వండి. 1814లో స్థాపించిన ఈ మ్యూజియం దేశంలోకెల్లా పాతది. మీ అమ్మాయి ఈజిప్టు మమ్మీ దగ్గరికే పరుగెత్తుతుంది, పరుగెత్తనివ్వండి. ఆ తరువాత మాత్రం భార్హుత్ స్తూపం ఎర్రరాతి ప్రాకారం ముందు కాసేపు నిలబెట్టండి. తొట్లకొండ, బొజ్జన్నకొండ చూసి పెరిగిన పిల్లకు, అక్కడ ఇటుకల పునాదులుగా మిగిలిన స్తూపాల చుట్టూ ఒకప్పుడు ఎలాంటి శిల్పం ఉండి ఉండవచ్చో ఊహకు అందుతుంది. ఇవి రెండూ చూశాక ఆ రోజుకు చాలు. నేతాజీ భవన్‌కు ఓపిక మిగిలితే వెళ్లండి. 1941 జనవరిలో ఆయన పోలీసుల కన్నుగప్పి వెళ్లిపోయిన ఇల్లు అదే, ఎక్కి వెళ్లిన కారు కూడా అక్కడే ఉంది. ఎకో పార్క్ కోసం ఊరి చివర దాకా వెళ్లకండి, పార్కులకు విశాఖలో కొరత లేదు.

సోమవారం ఉదయం ఏడింటి ప్రాంతంలో మెట్రో ఎక్కి దక్షిణేశ్వర్‌లో దిగితే, స్టేషను నుంచి గుడి దాకా 2018లో కట్టిన స్కైవాక్ ఉంది, రోడ్డు దాటే బాధ లేదు. ఫోన్లు లోపలికి తీసుకువెళ్లనివ్వరు. దర్శనం అయ్యాక గంగ మీద పడవలో బేలూరుకు వెళ్లవచ్చు, మొత్తం యాత్రలో అందరికీ గుర్తుండేది బహుశా ఆ అరగంటే. అయితే హుగ్లీకి ఆటుపోట్లుంటాయి, నీరు తగ్గినప్పుడు రేవులో దిగే దారి వాలుగా మారుతుంది. అత్తగారి మోకాళ్లు చూసుకుని, అవసరమైతే టాక్సీలోనే వెళ్లండి. బేలూరు మఠం పదకొండున్నర ప్రాంతంలో మూసి మళ్లీ సాయంత్రమే తెరుస్తారు కాబట్టి గుడిలో ఎక్కువ ఆలస్యం చేయవద్దు. గదికి వచ్చి నడుం వాల్చి, సామానుతో హౌరాకు వెళ్లేటప్పుడు ఒక్కసారైనా ఎస్‌ప్లనేడ్ నుంచి నది కిందుగా వెళ్లే మెట్రో ఎక్కండి. 2024 మార్చిలో మొదలైన ఆ సొరంగ మార్గంలో నది అడుగు భాగం ఒక నిమిషంలోపే దాటిపోతుంది, హౌరా స్టేషను లోతు మాత్రం ఎస్కలేటర్లు ఎక్కుతుంటే తెలుస్తుంది. పైకి వచ్చాక 1943లో తెరిచిన హౌరా వంతెన దీపాల్లో ఎదురుగా ఉంటుంది. కుమార్‌తులి, జొరాసాంకో, న్యూ మార్కెట్ మరోసారికి ఉంచుకోండి.

ప్రశ్న: మా అమ్మ పూర్తి శాకాహారి, ఆవనూనె వాసన పడదు. కోల్‌కతాలో నాలుగు రోజులు ఎలా గడపాలి? – గాజువాక నుంచి ఒక విద్యార్థి

జవాబు: ‘నిరామిష్’ అన్న ఒక్క మాట నేర్చుకోండి, శాకాహారం అని అర్థం. వెజ్ అంటే కూడా అర్థమవుతుంది గానీ, వంకాయ కూరలో చేపతల ఉండదన్న హామీ ఈ మాటతోనే ఎక్కువగా దొరుకుతుంది. ఆవనూనె మాత్రం ఇంటి వంటలోనూ చిన్న హోటళ్లలోనూ తప్పదు, కాబట్టి మార్వాడీలు, గుజరాతీలు ఎక్కువగా ఉండే బడాబజార్ వైపు భోజనశాలలు చూసుకోండి, అక్కడ వాడకం వేరు. పొద్దున్న పూటకు లూచీ, ఆలూదమ్ అమ్మగారికి నచ్చుతాయి, లూచీ అంటే మైదా పూరీయే. చలికాలంలో వెళ్తే కొత్త ఖర్జూర బెల్లంతో చేసిన సందేశ్ మిఠాయి వదలకండి, అది మిగతా నెలల్లో దొరికే సందేశ్ కాదు. మీరు మాంసాహారి అయితే బిర్యానీలో బంగాళాదుంప వస్తుంది, పొరపాటున పడిందనుకోవద్దు. 1856లో రాజ్యం పోగొట్టుకుని కోల్‌కతా శివారు మెటియాబ్రూజ్ చేరిన అవధ్ నవాబు వాజిద్ అలీ షా పరివారంతో వచ్చిన వంట అది.

ప్రశ్న: దసరా సెలవుల్లో దుర్గాపూజ చూడటానికే మొదటిసారి వెళ్లాలని ఉంది. మంచిదేనా? – మద్దిలపాలెం

జవాబు: పూజ చూడటానికే అయితే వెళ్లండి, ఊరు చూడటానికైతే వద్దు. 2021లో యునెస్కో గుర్తింపు పొందిన ఆ ఉత్సవంలో రాత్రంతా జనం పందిళ్ల మధ్య నడుస్తూనే ఉంటారు, వీధులు మూసేస్తారు, టాక్సీలు దొరకవు, కార్యాలయాలు, దుకాణాలు చాలావరకు సెలవు. గదుల అద్దెలు పెరుగుతాయి. మరోవైపు సెలవులు రాగానే బెంగాలీలు కుటుంబాలతో మన ఊరికి వచ్చేస్తారు, ఆ రోజుల్లో అరకు రైల్లో కూర్చుంటే ఎవరి ఊళ్లో ఉన్నామో తెలియదు. నా సలహా ఏమిటంటే, మహాలయ అమావాస్యకు ఒక వారం ముందు వెళ్లండి. కుమార్‌తులిలో విగ్రహాలకు చివరి రంగులు వేస్తుంటారు. గడ్డితో కట్టి మట్టి మెత్తిన మూర్తుల మధ్య, ఇద్దరు ఎదురైతే ఒకరు పక్కకు తప్పుకోవలసిన సందుల్లో నడవడం పందిరి కన్నా నాకెక్కువ ఇష్టం. పనివాళ్లను ఫోటో తీసే ముందు అడగండి. వాన పడే కాలం కాబట్టి గొడుగు తీసుకువెళ్లండి.

ప్రశ్న: మూడు రోజుల్లో శాంతినికేతన్ కూడా చూసి రావచ్చా? చీరలు ఎక్కడ కొనాలి? – గోపాలపట్నం

జవాబు: శాంతినికేతన్‌కు వద్దు. దానికి దిగవలసిన స్టేషను బోల్‌పూర్‌కు రైల్లో పోను దాదాపు మూడు గంటలు, రాను అంతే. అక్కడ ఒక రాత్రి ఉండలేకపోతే వెళ్లి ప్రయోజనం లేదు. తాఁత్ నేత చీరలకు గడియాహాట్ వెళ్లండి, కాళీఘాట్ మెట్రో నుంచి ఆటోలు దొరుకుతాయి. దుకాణాలు వరుసగా ఉంటాయి కాబట్టి మొదటి కొట్లోనే కొనేయకుండా కనీసం మూడు చూడండి. శాంతిపూర్, ఫూలియా, ధనియాఖాలీ ఊళ్ల నేత చీరలు వేరువేరుగా తీయించుకుని చేత్తో పట్టి చూడండి. కొత్త తాఁత్ చీర గంజితో బిరుసుగా ఉంటుంది, రెండు ఉతుకుల తరువాతే ఒంటికి హత్తుకుంటుంది.