వానలో కేదార్‌నాథ్ నడక: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్ర: సెప్టెంబరు మొదటి వారానికి టికెట్లు తీసేశాం. గౌరీకుండ్ నుంచి నడిచే వెళ్లాలని ఉంది. అక్కడ రోజూ వానలేనంటున్నారు. వెళ్లొచ్చా, మానుకోవాలా? – ఒక పాఠకుడు, ఖమ్మం

జ: తేదీ మార్చుకునే వీలుంటే నెలాఖరుకో, అక్టోబరుకో మార్చుకోండి. సెప్టెంబరు మొదట్లో గఢ్వాల్ కొండల్లో రుతుపవనాలు ఇంకా తగ్గవు. మార్చుకోలేకపోతే తిరుగు ప్రయాణానికి కనీసం 2 రోజులు అదనంగా పెట్టుకోండి. కొండెక్కి దిగడం ఒక్కటే కాదు, కింద రోడ్డు కూడా మూసుకుపోతుంది. శ్రీనగర్, రుద్రప్రయాగ మధ్య సిరోబగడ్ దగ్గర కొండచరియలు విరిగిపడటం ఏటా జరిగేదే. మర్నాడు సాయంత్రం ఢిల్లీలో రైలు ఉందన్న తొందరే చాలామందిని ఆగాల్సిన చోట ఆగనివ్వదు.

వాతావరణ శాఖ హెచ్చరికల్లో ‘ఉత్తరాఖండ్’ అని కాకుండా రుద్రప్రయాగ జిల్లా అని వెతికి చూడండి. ఆరెంజ్ హెచ్చరిక ఉంటే ఆ రోజు గౌరీకుండ్ దాటవద్దు. రెడ్ అయితే దానికి ముందొచ్చే సోన్‌ప్రయాగ్ కూడా దాటవద్దు, ఇంకా కింద ఉన్న గుప్తకాశీలోనే ఉండిపోండి. ఆ హెచ్చరికల్లో ‘అతి భారీ వర్షం’ అంటే 24 గంటల్లో 115.6 నుంచి 204.4 మిల్లీమీటర్లు. మన దగ్గర అంత వాన పడితే పొలంలో నీళ్లు నిలుస్తాయి. అక్కడైతే ఆ నీళ్లు కొండ మట్టిలోకి ఇంకి, రాళ్లను పట్టి ఉంచిన పట్టును వదిలించేస్తాయి.

అందుకే పొద్దున్నే ఎండ కాసిందని బయలుదేరకండి, రాత్రి ఎంత కురిసిందో అడగండి. తడిసిన కొండ ఎండలోనూ రాళ్లు విసురుతుంది. అక్కడి టీకొట్టువాళ్లు, పోలీసు, ఎస్‌డీఆర్‌ఎఫ్ (రాష్ట్ర విపత్తు సహాయ దళం) సిబ్బంది ‘రుకో’ (ఆగండి) అంటే దానికి కారణం ఉంటుంది, వాదించకండి. 2024 జులై 31 రాత్రి ఈ నడక దారిలోని లించోలీ, భీంబలి ప్రాంతంలో కుండపోత పడి దారి తెగిపోయింది. ఎక్కడివాళ్లక్కడ చిక్కుకున్న వేలమందిని హెలికాప్టర్లలోనూ, కొండదారి వెంట నడిపించీ కిందికి తేవాల్సి వచ్చింది.

ప్ర: ఏ వేళకు బయలుదేరాలి? ఒక్క రోజులో ఎక్కి దిగగలమా? – ఒక పాఠకురాలు, రాజమహేంద్రవరం

జ: తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య. కొండల్లో మధ్యాహ్నం దాటాక మబ్బు కమ్మడం ఎక్కువ. నడక 16 కిలోమీటర్ల పైచిలుకు, ఎక్కడానికి మామూలు మనిషికి 8 నుంచి 10 గంటలు, వానలో ఇంకో రెండు గంటలు కలుపుకోండి. ఒక్క రోజులో రానూపోనూ అన్నది వానాకాలంలో వద్దే వద్దు. చీకట్లో తడి రాళ్ల మీద దిగుతూ పడినవాళ్లే ఎక్కువ.

2013 వరదలో రాంబాడా ఊరు ఊరే కొట్టుకుపోయాక, అక్కడి నుంచి మందాకిని నది దాటించి అవతలి ఒడ్డున కొత్త దారి వేశారు. అసలు ఏటవాలు అక్కడే మొదలై లించోలీ దాకా సాగుతుంది. కాబట్టి లెక్క ఇలా పెట్టుకోండి: మధ్యాహ్నం 12కి రాంబాడా వంతెన చేరకపోతే, అప్పటికి వాన కూడా పట్టి ఉంటే, భీంబలికి వెనక్కి వచ్చి పడుకోండి. వెనక్కి తిరిగే వేళను ముందే నిర్ణయించుకోవాలి. పైకి వెళ్లాక అలసటతో ఆలోచిస్తే ‘ఇంకెంత, దగ్గరే’ అనిపిస్తుంది.

ప్ర: గొడుగు చాలా? ఏం బట్టలు వేసుకోవాలి? – ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్

జ: గొడుగు ఇంట్లో పెట్టి వెళ్లండి. గాలికి తిరగబడుతుంది, కర్ర పట్టుకునే చేయి ఖాళీ ఉండదు, గుర్రాలు బెదురుతాయి. గౌరీకుండ్‌లో దొరికే పల్చటి ప్లాస్టిక్ రెయిన్‌కోటు ఒక పూటకే చిరుగుతుంది. ప్యాంటు, కోటు విడివిడిగా ఉండే మందపాటిది ఇక్కడే కొనుక్కోండి.

జీన్సు, నూలు పంచె, నూలు బనియన్ వద్దు. నూలు నీళ్లు పీల్చి ఒంటికి అంటుకుని వేడి లాగేస్తుంది. పాలిస్టర్ ట్రాక్‌ప్యాంటు, పైన ఉన్ని స్వెట్టరో ఫ్లీసో. గౌరీకుండ్ సుమారు 1,980 మీటర్ల ఎత్తు, గుడి 3,583 మీటర్లు. ఎత్తును బట్టి చూస్తేనే పైన 10 డిగ్రీలు తక్కువ ఉంటుంది, తడి బట్టల మీద గాలి తోడైతే ఒంటికి ఇంకా చల్లగా తగులుతుంది.

బ్యాగుకు పైన వేసే కవరును నమ్మకండి, వీపు వైపు నుంచి నీళ్లు దిగుతాయి. బ్యాగు లోపలే మందపాటి పాలిథిన్ సంచి పరిచి, దానిలో సర్దండి. ఒక పూర్తి జత బట్టలు, రెండు జతల సాక్సులు వేరే సంచిలో గట్టిగా ముడేసి, గది చేరేదాకా తెరవద్దు. ఎంత తడిసినా సరే, దారిలో ఆ జత జోలికి పోవద్దు. ఫోను లోపలి జేబులో పెట్టుకోండి, చలికి బ్యాటరీ తొందరగా దిగిపోతుంది. కొత్త బూట్లు కాదు, నెల రోజులు తొడిగి నడిచినవి, అడుగున లోతు గాట్లు ఉన్నవి కావాలి.

ప్ర: దారిలో జారిపడకుండా ఉండాలంటే? – ఒక పాఠకురాలు, ఒంగోలు

జ: రాళ్లు పరిచిన దారే అయినా వానకు గుర్రాల పేడ, మూత్రం, బురద కలిసి సబ్బు పూసినట్టు ఉంటుంది. నున్నటి రాయి నడుమ కాదు, రాళ్ల సందుల్లో అడుగేయండి. దిగేటప్పుడు అడుగు చిన్నది, మోకాలు కొంచెం వంచి, పాదం మొత్తం ఆనించి. ఇనుప మొన ఉన్న కర్ర కింద కొనుక్కోండి.

గుర్రాలొస్తే ఎప్పుడూ కొండ వైపుకే తప్పుకోండి, లోయ వైపు కాదు. వాటి వీపు మీది బరువు పక్కకు ఉబికి ఉంటుంది, అది తగిలితే చాలు.

ప్ర: మా అమ్మగారికి 62 ఏళ్లు. తడిసి వణుకు పుడితే ఏం చేయాలి? అది ఎత్తు వల్ల వచ్చే జబ్బా? – ఒక పాఠకుడు, విశాఖపట్నం

జ: రెండూ వేర్వేరు, రెండూ ఒకేసారి రావచ్చు కూడా. వణుకు, మాట తడబడటం, చిన్న పనికి కూడా వేళ్లు తిరగకపోవడం, అడుగు తడబడటం చలి దెబ్బ గుర్తులు. వణుకు దానంతటదే ఆగిపోయి మనిషి మత్తుగా అయితే తేరుకుందనుకోకండి, అది మరీ ప్రమాదం. వెంటనే దగ్గరి టెంటులోకో దుకాణంలోకో తీసుకెళ్లి తడి బట్టలన్నీ విప్పించి, తుడిచి, పొడి బట్టలు, టోపీ, దుప్పట్లు వేయండి. స్పృహలో ఉండి మింగగలిగితే వేడి తీపి టీ. చేతులు కాళ్లు రుద్దొద్దు, మంటకు దగ్గరగా పెట్టొద్దు, మద్యం పోయొద్దు.

తలనొప్పి, వాంతి, తిండి సహించకపోవడం ఎత్తు వల్ల వచ్చేవి. కూర్చున్నా ఆయాసం తగ్గకపోతే, దగ్గుతో నురగ పడితే, నడకలో తూలితే రాత్రి గడిచే దాకా చూడొద్దు, కిందికి దించడమే వైద్యం. ఎత్తు జబ్బు రాకుండా వాడే డైమాక్స్ మాత్ర గురించి బయలుదేరక ముందే మీ డాక్టరును అడగండి, సల్ఫా మందులు పడనివారైతే ఆ సంగతి తప్పక చెప్పండి. గుప్తకాశీలో ఒక రాత్రి, గౌరీకుండ్‌లో ఒక రాత్రి పడుకుని ఎక్కితే ఒంటికి కొంత అలవాటవుతుంది. ఆమెకు బీపీ, షుగరు ఉంటే వానాకాలం వద్దనే చెబుతాం.

ప్ర: నడిచి ఎక్కి, హెలికాప్టరులో దిగుదామనుకుంటున్నాం. సరైనదేనా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జ: వానాకాలంలో ఆ లెక్క పెట్టుకోకండి. అవి కంటికి లోయ కనబడుతుంటేనే ఎగురుతాయి. మబ్బు దిగితే సేవలు ఆగిపోతాయి, ఎప్పుడు మొదలవుతాయో ఎవరూ చెప్పలేరు. టికెట్టు ఉన్నా దిగడానికి కాళ్లే ఉన్నాయనుకుని బలం మిగుల్చుకోండి.

ప్ర: కొండచరియ పడబోతోందని ముందే తెలుస్తుందా? – ఒక పాఠకురాలు, తిరుపతి

జ: ప్రతిసారీ కాదు, కొన్నిసార్లు తెలుస్తుంది. పైనుంచి చిన్న చిన్న గులకరాళ్లు దొర్లడం, కొండ పక్క నుంచి కొత్తగా బురద నీళ్లు ఊరడం, ఏదో ఉరుము దొర్లినట్టు మోత. దారికి అడ్డంగా పారే వాగు ఉన్నట్టుండి బురదగా మారినా, నీళ్లు సన్నగిల్లినా పైన ఏదో అడ్డుపడిందని అర్థం. ఆ వాగు దాటకండి, గట్టు నుంచి ఎత్తుకు జరగండి. రాళ్లు పడిన ఆనవాళ్లున్న చోట ఆగకుండా, ఒకరి తర్వాత ఒకరుగా, ఒకరు పైకి చూస్తూ ఉండగా దాటండి. వాన నుంచి తలదాచుకోవడానికి వేలాడే బండ కింద నిలబడొద్దు.

మెరుపుకీ ఉరుముకీ మధ్య 30 సెకన్లు కూడా లేకపోతే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. ఇనుప కమ్మీలు వదిలేసి పక్కా షెడ్డులోకి వెళ్లండి, చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు కదలొద్దు. సాయానికి 112 చేయండి. సిగ్నలు లేకపోతే అరుస్తూ తిరగకుండా దగ్గరి టెంటు దగ్గరే ఉండండి, వెతికేవాళ్లు ముందు అక్కడికే వస్తారు.