స్టాకు తగ్గుతోంది, దొంగ దొరకట్లేదు

ప్రశ్న: మాకు తెనాలిలో చిన్న సూపర్ మార్కెట్, వెనకే గోడౌన్ ఉన్నాయి. తొమ్మిది మంది పనివాళ్లు. మార్చి నెలాఖరున స్టాకు లెక్కేస్తే పుస్తకాల కన్నా 2 లక్షల 30 వేల సరుకు తక్కువ తేలింది. కెమెరాలు పెట్టించాను. సాయంత్రం అందరి సంచులూ చూస్తున్నాం. ఏమీ దొరకలేదు గానీ ఇద్దరు అలిగి మానేశారు. మా ఆవిడ తరఫు కుర్రాడి మీద అనుమానం. అడగాలంటే మొహమాటం. ఏం చేయమంటారు?
- ఒక వ్యాపారి, తెనాలి

జవాబు: ఆ కుర్రాణ్ణి ఇప్పుడే అడగకండి. మీ దగ్గరున్నది అనుమానమే, లెక్క కాదు. ఏడాదికోసారి లెక్కేస్తే పోయిందని తెలుస్తుంది, ఎప్పుడు పోయిందో తెలియదు. పదకొండు నెలల కెమెరా రికార్డింగ్ ఎవరి దగ్గరుంటుంది?

నేను విజయవాడ వన్‌టౌన్‌లో, తర్వాత గొల్లపూడిలో 27 ఏళ్లు గోడౌన్ లెక్కలు చూశాను. ఒకసారి సబ్బుల పెట్టెలు వరసకు అయిదు, అడ్డంగా నాలుగు, ఎత్తు అయిదు, మొత్తం వంద అని బయట నిలబడే రాసేశాను. వారం తర్వాత దొంతర విప్పితే లోపల పదకొండు పెట్టెలు ఖాళీవి. టేపు మళ్లీ శుభ్రంగా అంటించి ఉంది. సంతకం నాదే. షావుకారు ఏమీ అనలేదు, అదే ఎక్కువ బాధేసింది. ఆ రోజు నుంచి దొంతర మధ్యలోంచి రెండు పెట్టెలు లాగి చేత్తో ఎత్తి చూడనిదే అంకె రాయలేదు.

మీరూ రోజూ పొద్దున్నే ఓ పది ఐటమ్‌లు లెక్క పెట్టించండి. నెయ్యి, జీడిపప్పు, కాఫీ పొడి, షాంపూలు, బ్లేడ్లు, చిన్నపిల్లల పాలపొడి. అంటే జేబులో పట్టేవి, బయట ఇట్టే అమ్ముడుపోయేవి. ఉప్పు బస్తా జోలికి ఎవడూ పోడు, దాన్ని నెలకోసారి చూసినా చాలు. సరుకు దించుకునేవాడూ, లెక్కేసేవాడూ ఒకడే కాకూడదు. లెక్కేసేవాడికి బిల్లు ముందే చూపించకండి. బిల్లులో 24 అని కనబడితే చెయ్యి దానంతటదే 24 రాస్తుంది. సరుకు దించే ముఠా కూలీలు తొందరపెడతారు, డ్రైవర్ హారన్ కొడతాడు. కొట్టనివ్వండి. తక్కువొస్తే బిల్లు మీదే రాసి డ్రైవర్ సంతకం తీసుకోండి. లోపం సప్లయర్ దగ్గరుంటే మీ పనివాళ్లు అనవసరంగా మాట పడుతున్నట్టే.

ఇంకో సంగతి, ఏ పుస్తకంలోనూ లేని సరుకు. 2022 జులైలో 25 కిలోల దాకా ప్యాక్ చేసిన బియ్యానికి 5 శాతం జీఎస్టీ పడ్డాక మన వైపు 26 కిలోల బస్తాలు వచ్చాయి కదా. మీ కంప్యూటర్‌లో ఇంకా 25 అనే ఉందేమో చూడండి. విడిగా అమ్మితే బస్తాకో కిలో ఎవరిదీ కాదు. కంపెనీ స్కీము కింద ఉచితంగా వచ్చే సరుకూ అంతే, సున్నా రేటుకైనా స్టాకులో ఎక్కించాలి. లెక్కలో లేని సరుకు తీసుకుపోతే ఎవరికీ తెలియదు. అది అలవాటయ్యాకే చెయ్యి లెక్కున్న సరుకు మీద పడుతుంది. చింతపండు, ఎండుమిర్చి తరుగు మాత్రం వేరే రాయండి, ఎండిపోయిన బరువుకు దొంగ ఎక్కడుంటాడు?

సంచులు వెతకడం మానేయండి. పరువు పోవడం తప్ప ఫలితం ఉండదు. సరుకు వెళ్లే దారి చాలాసార్లు చెత్తే. ఖాళీ అట్టపెట్టెలు విప్పి చదును చేశాకే గేటు దాటనివ్వండి. గోడౌన్ నుంచి ర్యాక్‌కు ఏది వెళ్లినా చీటీ మీద ఇచ్చినవాడిదీ తీసుకున్నవాడిదీ సంతకాలుండాలి. మీరూ సంతకం పెట్టండి. ఇంటికి పప్పు ప్యాకెట్ పట్టుకెళ్లినా సరే. మీరు రాయకపోతే వాళ్లూ రాయరు.

రెండు నెలలు ఇలా చేస్తే తేడా ఏ వారంలో, ఎవరి చేతిలో వస్తోందో చీటీలే చెబుతాయి. అప్పుడు ఆ కుర్రాణ్ణి, ఇంకెవరినైనా కూర్చోబెట్టి చీటీ చూపించి అడగండి. పనివాడు యజమాని సొత్తు దొంగిలిస్తే భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష ఉంది. కానీ చీటీ లేకుండా స్టేషన్‌కి వెళితే ఎస్సై అడిగే మొదటి ప్రశ్నకే మీ దగ్గర జవాబుండదు.

ఈ 2 లక్షల 30 వేల సంగతి ఆడిటర్ దగ్గర దాచకండి. పోయిన సరుకు మీద తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్, అంటే కొన్నప్పుడు కట్టి మీ పన్నులో తగ్గించుకున్న జీఎస్టీ, వెనక్కి కట్టాలి. గోడౌన్ రెండో తాళంచెవి ఎవరి దగ్గరుందో మాత్రం మీ ఉత్తరంలో రాయలేదు.